వదిన చెప్పిన జాతి

మా వదినకు అసూయ ఒక వ్యాపకం. ఎదురింటి కిటికీకి కొత్త కర్టెన్లు వేలాడాయంటే ఆ పూట మా ఇంట్లో పొయ్యి మీద ఏదో ఒకటి మాడి తీరుతుంది. నేను ఆమెకు ఆడపడుచును. ఆమె బట్టలు కుడుతుంది, నేను గుండీలూ కాజాలూ చూస్తాను. వీధిలోకి తెరుచుకునే ముందు గదే మా దుకాణం. ఒకే బల్లకు అటొకరం ఇటొకరం రోజంతా కూర్చుంటాం గనక ఆమె కడుపుమంట సెగ మొదట తగిలేది నాకే. నా కత్తెర తనదానికంటే పదునుగా ఉందని ఒకసారి చడీచప్పుడు లేకుండా మార్చేసుకుంది. అలాగని చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే నా వాటా కాజాలన్నీ తనే కుడుతుంది. ఆ తర్వాత నెలంతా దెప్పుతుంది, అది వేరే సంగతి.

మా అన్నయ్య బేకరీ వ్యాను నడుపుతాడు. ఇంట్లో అతని నోట్లోంచి మాట రావాలంటే ఎవరో ఒకరు తవ్వాలి. అలాంటివాడు ఒక వాన సాయంత్రం బేకరీ వెనక సందులో వణుకుతున్న కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. వెడల్పాటి తల, పొట్టి మెడ. దొర అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచి అన్నయ్యకు నోరొచ్చింది. వ్యాను దిగగానే గుమ్మంలో కూర్చుని దానికి ట్రాఫిక్ సంగతులు, మాడిన రొట్టెల సంగతులు, యజమాని చిరాకు సంగతులు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వదిన మిషను ఆపి వినేది.

"చూశావటే? కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నాతో ఇన్ని మాటలు మాట్లాడారా మీ అన్నయ్య? కుక్క కాదు, నాకు సవతిని తెచ్చారు" అనేది.

ఈలోగా వీధి చివరి మందుల షాపావిడ ఒక బొచ్చుకుక్కను కొంది. దాని వంశవృక్షానికి ఫ్రేము కట్టించి షాపులో తగిలించింది కూడా. ఒకరోజు జాకెట్టుకు కొలతలివ్వడానికి వచ్చి, గుమ్మంలో పడుకున్న దొరను దాటుతూ, "మీదేం జాతండీ? ఊరకుక్కేనా?" అంది.

వదిన కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. "పిట్‌బుల్. అసలు సిసలుది. మావారికి తెలిసినవాళ్ళు ఏరికోరి ఇచ్చారు" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ. నేను కాజాలోంచి తలెత్తలేదు. అంతటితో ఊరుకుందా? తోలు పట్టీ ఒకటి తెప్పించి, ఎర్ర దారంతో ఆ జాతి పేరు దాని మీద కుట్టి, దొర మెడకు కట్టింది. సవతే అయినా మనింటి సవతి కదా అనుకుందేమో. అన్నయ్య పట్టీని చూశాడు, వదినను చూశాడు, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చట్టం వచ్చింది. ఫలానా జాతి కుక్కలు ఊళ్ళో ఉండకూడదు, ఉంటే పట్టుకుపోతారు. ఆ ఫలానాల్లో మొదటిది దొర పట్టీ మీద ఉంది. వీధి రెండుగా చీలి మా దుకాణంలోనే వాదులాటకు దిగింది.

"పిల్లల్ని పీకాక తెస్తే చట్టమెందుకు? ముందే తేవాలి" అంది స్కూలు ఆయా.

"కరిచిన కుక్కను పట్టుకెళ్ళండి, కాదనను. పుట్టుకను బట్టి శిక్షేమిటి? ఈవిడ బొచ్చుకుక్క నన్ను రెండుసార్లు కరిచింది. దాన్నెవరూ అడగరు" అన్నారు లెక్కల మాస్టారు, కాటు చూపించడానికి ప్యాంటు పైకి లాగబోతూ. మందుల షాపావిడ మొహం మాడ్చుకుంది.

వదిన ఒంటికాలి మీద లేచింది. "చట్టమంటే చట్టమే మాస్టారూ. పసిపిల్లలు తిరిగే వీధి ఇది. నా ఇంట్లో కుక్కయినా సరే." వీధంతా ముక్కున వేలేసుకుంది. ఇంత న్యాయంగా మాట్లాడే మనిషిని చూడలేదన్నారు. ఆమె మనసు నాకు తెలుసు. సవతి పోవాలి, సవతి గొప్ప మాత్రం మిగలాలి.

మునిసిపాలిటీ వ్యాను వచ్చిన రోజు అందరూ గుమిగూడారు. ఆఫీసరు వంగి పట్టీ చదివి, "ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అని అన్నయ్యనడిగాడు. అన్నయ్య నోరు తెరిచాడు. వదిన వైపు చూశాడు, ముందు వరసలో నిలబడ్డ మందుల షాపావిడ వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు. దొరను తనే ఎత్తి వ్యానెక్కించాడు.

నాకు ఒళ్ళు మండింది. "సందులో దొరికిందని చెప్పవేం అన్నయ్యా?"

"మీ వదిన నలుగురిలో వేరేగా చెప్పింది కదే. ఇప్పుడు నేను కాదంటే తను మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

పక్కనే ఉన్న వదిన విన్నది. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి కుళ్ళుకుందో ఆ కుక్కను, తన పరువు కోసం మొగుడు వదిలేసుకుంటున్నాడు. ఆమె మొహంలో రంగు మారడం చూశాను. సంతోషమైతే కాదు. విసవిసా వ్యాను దగ్గరికి నడిచింది.

"పిట్‌బుల్ కాదండీ అది. బేకరీ వెనక మురుక్కాలవ పక్కన దొరికిన ఊరకుక్క. గొప్ప కోసం నేనే అబద్ధమాడాను" అంది, వీధంతా వినేట్టు. మందుల షాపావిడ పైట చాటున నవ్వుకుంది. వదిన తల దించుకోలేదు.

"ఆ జాతిలా కనపడేవి కూడా చట్టం కిందికే వస్తాయమ్మా. ఆ తలా మెడా చూడండి. అయినా మొన్నటిదాకా అవునన్నది మీరే కదా" అని ఆఫీసరు తలుపు వేశాడు.

వ్యాను వెళ్ళాక వదిన అన్నయ్యను నిలదీసింది. "మీరు చెప్పెయ్యాల్సింది. నా పరువు పోతే పోయేది."

"నువ్వే చెప్తావని చూశాను" అన్నాడు అన్నయ్య. "కొంచెం ముందు."

అలాంటి కుక్కలను ఊరి బయట షెడ్డులో పెట్టారు. తెచ్చుకోవడానికి లేదు, సెలవురోజున చూసి రావచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు వదిన తనూ వస్తానని బేకరీ వ్యానెక్కింది, నన్నూ ఎక్కించింది. ఇనప జాలీ అవతల దొర లేచి నిలబడింది. మా దగ్గరికి వచ్చి, ఒకసారి వాసన చూసి, తోక ఊపింది. అప్పుడే కాపలా మనిషి గిన్నె పట్టుకుని వచ్చాడు. దొర చప్పున వెనక్కి తిరిగి అతని కాళ్ళకు చుట్టుకుంది, అతని చేతిలో తిన్నది. అతను దాన్ని ఇంకేదో పేరుతో పిలిచాడు. అది పలికింది.

వదిన రెండు చేతులతో జాలీ పట్టుకుంది. "ఎవడండీ వాడు? మన కుక్కకు పేరు పెట్టడానికి వాడెవడు?" అంది.

అన్నయ్య కాపలా మనిషి చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. "నాకూ మండుతోంది" అన్నాడు చివరికి.

వదిన అతని మొహంలోకి చూసింది. ఎవరూ తవ్వకుండా ఆమెతో అతను తన మనసులో మాట చెప్పడం అదే మొదలు.