ఓటమి ఒప్పుకోమనే వేణన్న

రాయదుర్గం మెట్రో వెనక ఒక సెల్లార్‌లో మా వేణన్న మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ జిమ్ ఉంది. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మాలాంటి వాళ్లం పొద్దున్నే అక్కడికెళ్లి తన్నులు తిని ఆఫీసుకు పోతాం. కొత్తగా ఎవరు చేరినా వేణన్న ముందు గుద్దడం నేర్పడు. మోచేతి వంపులో మన మెడ పెట్టి బిగిస్తాడు. మనం చేత్తో రెండుసార్లు తట్టి ఓటమి ఒప్పుకుంటే వదిలేస్తాడు. వారమంతా ఇదే పాఠం. ఓడిపోవడం నేర్చుకోవడానికి ఇంత దూరం రావాలా అని మొదట్లో నాకు ఒళ్లు మండింది.

వేణన్నది బాలానగర్. లేత్ మిషన్ మీద పనిచేస్తూ కుస్తీలు పట్టేవాడు. ఒక పోటీలో చెయ్యి మెలిపడినా పంతానికి పోయి ఓడానని నోరు విప్పలేదు. మోచెయ్యి విరిగింది, లేత్ పనీ పోయింది.

ప్రవళిక మాత్రం ఆ పాఠం చెవికెక్కించుకోలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టరు, మహా మొండి. ఆదివారం ఆమె మొదటి పోటీ అనగా, బుధవారం ప్రాక్టీసులో తట్టకుండా బిగబట్టి స్పృహ తప్పింది. ఆమె కళ్లు తెరవగానే వేణన్న, "పోటీల నీ పేరు కొట్టేపిస్త," అన్నాడు.

"అట్లనకన్నా. ఏడాది కష్టపడ్డ," అని బతిమాలింది.

అప్పుడు వేణన్న అరికియాన్ అనే పాతకాలపు మల్లుడి కథ చెప్పాడు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీసులో పాంక్రేషన్ అనే పోటీ ఉండేది. కొరకడం, కళ్లు పొడవడం తప్ప గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లేవి. మా ఆటకు ముత్తాత అన్నమాట. ఓడినవాడు వేలెత్తాలి. ఒలింపిక్స్‌లో ప్రత్యర్థి మెడ నొక్కేస్తున్నా అరికియాన్ వేలెత్తలేదట. పైగా ఆ ప్రత్యర్థి కాలివేలే విరిచాడు. నొప్పికి తాళలేక ప్రత్యర్థే వేలెత్తాడు.

"గెలిచిండు గదా!" అంది ప్రవళిక.

"గెలిచిండు. గప్పటికే పానం పోయింది. ఆకుల కిరీటం శవానికి పెట్టిండ్రు. రేపు మీ అమ్మకు నేనేం తెచ్చియ్యాలె?" అన్నాడు వేణన్న. "తడ్తనని మాటియ్యి. అప్పుడే ఆడనిస్త."

ఆమె మాటిచ్చింది. మాకెవరికీ నమ్మకం లేదు.

ఆదివారం రెండో రౌండులో ఆమె మెడ ప్రత్యర్థి పట్టుకు చిక్కనే చిక్కింది. మొహం ఎర్రగా కందిపోయింది. "తట్టు బిడ్డా!" అని వేణన్న బయటినుంచి అరుస్తున్నాడు. ఆమె చెయ్యి లేచి గాల్లోనే ఆగిపోయింది. నాకు నిజంగా భయమేసింది. ఆ తర్వాత రెండుసార్లు తట్టింది. రిఫరీ ఇద్దరినీ విడదీశాడు.

"ఓడిపోయినన్నా," అంటూ బయటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

వేణన్న ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. ఆయన కళ్లలోనూ నీళ్లు, మొహమంతా నవ్వు. "ఏడువు బిడ్డా, ఊపిరి నిండ ఏడువు. వచ్చే నెల ఇంకో పోటీ ఉన్నది. ఇయ్యాలనే నీ పేరిస్త."