మూడో పిన్నీసు

"పిన్నీసులు ఎన్నున్నాయి?"

"రెండు."

"మూడు పెట్టాను కదే."

"అయితే ఒక పని అయిపోయినట్టే. మీరు ఎక్కండి, వ్యాన్ హారన్ కొడుతోంది."

మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆయన గేటు దగ్గర ఆగి, నా కొంగు వైపు ఇంకోసారి చూసి, తల ఊపుకుంటూ వ్యాన్ ఎక్కాడు.

ఇది రాస్తున్నది నా చెల్లెలి కూతురు. నాకు నా పేరు రాయడం, బస్సు మీద నంబరు పోల్చుకోవడం తప్ప అక్షరం రాదు. అందుకని నేను నోటితో చెబుతున్నాను, ఆమె రాస్తోంది. ఇందులో ఎక్కడ "నువ్వు" అని వచ్చినా అది ఆమే. సోమవారం నుంచి ఆమె తన బిడ్డను నాకు వదిలి ఆఫీసుకు వెళ్తానంటోంది. వెళ్లేలోపు నా సంగతంతా కాగితం మీద ఉండాలని నేనే కూర్చోబెట్టాను. రాయి, తల్లీ. నన్ను మంచిదాన్ని చేసి రాయకు.

ముందు పిన్నీసుల సంగతి. మా ఆయన సినిమా కాస్ట్యూముల్లో అసిస్టెంటు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఫిల్మ్ నగర్ బస్తీలో రెండు గదులు అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయాం. బట్టలు వ్యాన్‌లో ఎక్కించడం, ఎవరికి ఏ సీనులో ఏ చొక్కానో చూసి అందించడం ఆయన పని. జాకెట్టు వదులైనా, తలపాగా జారినా అప్పటికప్పుడు బిగించాలి కాబట్టి ఆయన జేబు అంచుకు ఎప్పుడూ పిన్నీసులు వరసగా ఉండేవి. నేను అదే కాస్ట్యూమ్ రూములో ఇస్త్రీ చేసేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. అప్పట్లో దానికి పేరు లేదు. తిట్లుండేవి. పాలు పొయ్యి మీద పెట్టి, పంచదార అడగడానికి పక్కింటికి వెళ్లేదాన్ని. అక్కడ కుట్టుమిషనులో దారం తెగిందంటే ఎక్కించడానికి కూర్చునేదాన్ని. మాడిన వాసన వస్తే ఎవరిల్లో తగలబడుతోందని అందరితో పాటు నేనూ చూడ్డానికి పరిగెత్తేదాన్ని. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే పాస్టరుగారి మొదటి మాటకే నా మనసు షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేసేది. అదే చమ్కీల లంగా ఒకటి చేతికిస్తే, అన్నం కూడా మరిచిపోయి సాయంత్రం దాకా ఒక్కో మడతా తీస్తూ ఉండేదాన్ని. లంగా చూసి కాస్ట్యూమర్ మెచ్చుకునేవాడు. కాసేపటికి ఆయనే వచ్చి, నేను పీకడం మరిచిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేవాడు.

మా ఆయన కొన్నాళ్లు కోప్పడ్డాడు. ఒకరోజు కోప్పడకుండా జేబులోంచి పిన్నీసులు తీసి నా కొంగుకు గుచ్చాడు. "ఇది పొయ్యి. ఇది తాళం. ఇది మోటారు. పని అయిన వెంటనే ఒకటి తీసి డబ్బాలో వెయ్యి. కొంగు ఖాళీ అయితే ఆ పూట గట్టెక్కినట్టే." ఆ రోజు నుంచి ప్రతి ఉదయం వ్యాన్ వచ్చేలోపు అదే వరస. ఎదురింటి ఆవిడ, షేక్‌పేట మనిషి, చూసి నవ్వేది.

"ఏంది అక్కా, నీ మొగుడు రోజు మెడల్స్ ఇస్తుండు. మిలిట్రీల చేరినవా?"

"చేరాను. జీతమే ఇవ్వట్లేదు," అనేదాన్ని.

ఆ రోజు ఆయన వ్యాన్ ఎక్కాక నేను గడప మీద కూర్చుని ఒక జాకెట్టుకు కాజాలు కుట్టడం మొదలుపెట్టాను. మొదలుపెడితే నాకు చుట్టూ ఏమీ వినపడదు. తల ఎత్తేసరికి కాస్ట్యూముల కుర్రాళ్లిద్దరు బండి దిగి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరూ నా వైపు చూడటం లేదు. మేడ మెట్ల మీంచి నీళ్లు ధారగా దిగి వాళ్ల చెప్పుల కిందికి పోతున్నాయి, వాటినే చూస్తున్నారు. చివరికి ఒకడు అన్నాడు.

"అమ్మా, మోటారు ఆపండి. ట్యాంకు పొంగుతోంది."

వాడు చెప్పడానికి వచ్చింది అది కాదు. అసలు మాట నోటికి రాక కళ్లెదుట ఉన్నది చెప్పాడు. నేను లోపలికి వెళ్లి స్విచ్ ఆపి బయటికొచ్చాను. అప్పుడు చెప్పారు. స్టూడియోలో హ్యాంగర్ల రాడ్డు దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదట.

మూడో పిన్నీసు మోటారుకు పెట్టినదని నాకు తెలిసింది అలాగే. అది కొంగు నుంచి ఎప్పుడు ఊడిందో, ఎక్కడ పడిందో తెలియదు. పిన్నీసు లేదు కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. ఆయనకూ అదే చెప్పి పంపాను.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. శవాన్ని ఇంటికి తెచ్చాక కూడా నేను మూడుసార్లు లేచి పొయ్యి చూసి వచ్చాను. రేపటి నుంచి నా కొంగుకు పిన్నీసులు ఎవరు పెడతారు? పెట్టేది నేనే అయితే ఏ పనికి పెట్టానో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇస్త్రీ పని మానేశాను. సెట్లో అంతా చెక్కా గుడ్డా, ఒక్క పెట్టె మరిచిపోతే చాలు. హుక్కులు, పూసలు కుట్టే పని ఇంటికి తెచ్చుకున్నాను. బయటికి వెళ్తే సందు చివర దాకా పోయి, తాళం వేశానో లేదోనని వెనక్కి వచ్చేదాన్ని. చూసి మళ్లీ బయల్దేరి, చూసింది ఇవాళా నిన్నా అని మళ్లీ వచ్చేదాన్ని. మా మేనత్త చివరి రోజుల్లో సొంత కొడుకునే "ఎవరు బాబూ నువ్వు" అని అడిగింది. నాకూ అదే మొదలైందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నీకు జూబ్లీహిల్స్‌లో ఉద్యోగం వచ్చి నా దగ్గర ఉండటానికి వచ్చిన కొత్తలో కనిపెట్టావు. బియ్యం డబ్బాలో నీ ఫోను దొరికింది కదా, ఆ రోజు. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావు. ఆవిడ చాలాసేపు అడిగింది. నేను మేనత్త గురించి చెబుతుంటే ఆపి, చిన్నప్పుడు బళ్లో ఎలా ఉండేవారు అంది.

"రెండో తరగతిలో పంతులుగారు బయట నిలబెట్టారండి. బయటే బాగుందని అటునుంచి అటే ఇంటికెళ్లిపోయాను."

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, మళ్లీ నెమ్మదిగా చెప్పింది. "ఇది మతి పోయే జబ్బు కాదమ్మా. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మీకు చిన్నతనం నుంచే ఉంది. ఇన్నాళ్లూ గుర్తుచేసే మనిషి పక్కన ఉన్నారు కాబట్టి గడిచింది. ఇప్పుడు ఆ మనిషి లేరు, నిద్రా లేదు. అందుకే ఇంత పైకి కనిపిస్తోంది."

దానికి ఒక మాత్ర రాసింది, నాకు బీపీ ఉందని తక్కువ మోతాదుది. మొదటిరోజు అది వేసుకుని గుండె మీద చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను, ఆయన గుండె ఆగినట్టు నాదీ ఆగుతుందేమోనని. ఏమీ కాలేదు. కొన్నాళ్లకు తలలో ఒకేసారి మోగే రేడియోల్లో కొన్ని తగ్గాయి. కానీ వేసుకున్నానా లేదా, రెండుసార్లు వేసుకుంటే ఏమవుతుంది, ఆ భయం మిగిలింది. దానికి కాస్ట్యూమ్ ముక్కలతో ఏడు చిన్న సంచులు కుట్టాను. ఆదివారానికి పెళ్లికూతురి ఎర్రపట్టు, సోమవారానికి పోలీసు ఖాకీ, అలా. సంచి ఖాళీగా ఉంటే మాత్ర లోపలికి వెళ్లినట్టు. నాకు చదవడం రాకపోయినా ఖాకీ తెలుసు.

పిన్నీసులు నేనే పెట్టుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. పెట్టేటప్పుడు పైకే చెప్పుకుంటాను, ఇది పొయ్యి, ఇది మోటారు అని. ఇబ్బందిగానే అయినా రోజులు గడిచాయి. నీకు పెళ్లయింది, బిడ్డ పుట్టింది. అల్లుడికి విశాఖలో ఉద్యోగం. నీ సెలవు అయిపోవచ్చింది.

పోయిన వారం ఒక పూట ఆఫీసుకు వెళ్లొస్తాను, అలవాటవుతుందని బిడ్డను నాకు వదిలి వెళ్లావు. నువ్వు బయల్దేరకముందే ఆ పూటకు నాలుగు పిన్నీసులు పెట్టుకున్నాను. మాత్ర, మోటారు, పాలు, తలుపు గొళ్లెం. మాత్ర వేసుకుని ఒకటి తీసి డబ్బాలో వేశాను. అది గుర్తుంది. బిడ్డ ఉయ్యాల్లో నిద్రపోయింది. పక్కనే కూర్చుని పూసల పని అందుకున్నాను. ఒక్క పువ్వు కుట్టి ఆపుదామనుకున్నాను.

తల ఎత్తేసరికి నా దగ్గర పువ్వు కాదు, తీగంతా ఉంది. ఎంతసేపైందో తెలియదు. బిడ్డ లేచి ఉంది. ఏడవడం లేదు. నా కొంగు జారి ఉయ్యాల్లో పడి ఉంది, దాని చివర బిడ్డ నోట్లో ఉంది. లాగాను. చొంగతో తడిసిపోయి ఉంది. పిన్నీసులు రెండే ఉన్నాయి.

మూడు ఉండాలి.

మోటారు చూశాను, ఆపి ఉంది. వేసి ఆపానా, అసలు వెయ్యనే లేదా? గొళ్లెం వేసి ఉంది. వేసినప్పుడు పిన్నీసు తీశానా? డబ్బాలో చూద్దామంటే అందులో ఎప్పటివో గుప్పెడు ఉన్నాయి, అన్నీ ఒకేలా. పని అయిపోయి తీసిన పిన్నీసా, బిడ్డ మింగిన పిన్నీసా? నా బుర్రలో ఆ చోట ఏమీ లేదు, తుడిచేసినట్టు ఉంది. నోట్లో వేలు పెట్టి చూశాను. ఉయ్యాల గుడ్డ దులిపాను. బిడ్డ బట్టలు విప్పేశాను. అది నన్ను చూసి నవ్వుతోంది. దాన్ని అలాగే ఎత్తుకున్నాను.

వీధిలోకొచ్చి అరిచానట. ఎదురింటావిడ ఉరికొచ్చింది.

"ఏమైంది అక్కా?"

"పిన్నీసు. మింగిందేమో."

"చూసినవా మింగుడు?"

"చూడలేదు. ఒకటి తక్కువుంది."

"జర ఊపిరి తీస్కో. పోరి మంచిగనే ఉంది గదా. మా ఆయన ఆటో గీడనే ఉంది, ఎక్కు."

జూబ్లీహిల్స్ ఆసుపత్రి దాకా బిడ్డ గొంతు మీద నుంచి చూపు తీయలేదు. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. చెప్పులు లేవు. ఫోను ఇంట్లో ఉంది. తలుపు బార్లా తీసి వచ్చానని ఎర్రలైటు దగ్గర గుర్తొచ్చింది. ఆటో ఆయన అద్దంలో నన్ను చూస్తూ, "ఫికర్ చెయ్యకు అక్కా, పిల్లలు ఎన్నో మింగుతరు," అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఎక్స్‌రే గదిలోకి నన్ను రానివ్వలేదు. అద్దం తలుపు అవతల బిడ్డ ఏడుపు వినపడింది. ఆ రోజు ట్యాంకు మీంచి కారిన నీళ్ల చప్పుడు కూడా మళ్లీ వినపడింది, అదేం ఆసుపత్రిలో లేకపోయినా.

అప్పుడు, ఎదురింటావిడ ఫోను చేస్తే, నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. నీ ముఖం చూసే ధైర్యం లేక భుజం వైపు చూశాను. చున్నీకి, భుజం మీద, పిన్నీసు ఉంది.

"అదెక్కడిది?"

"నీదే కదా పెద్దమ్మా. పొద్దున చున్నీ జారుతోంటే నీ కొంగు నుంచి తీసుకున్నా. ఒకటి తీసుకోనా అంటే తీసుకో అన్నావు."

డాక్టరు బయటికొచ్చి బిడ్డ కడుపులో ఏమీ లేదు, పాలు పట్టండి అన్నాడు. నువ్వు ఆ కుర్చీలోనే కూర్చుని ఏడుస్తూ నవ్వావు. "ఇంకానయం పెద్దమ్మా, నువ్వు మింగలేదు," అన్నావు. నేను నవ్వలేదు. "తీసుకో" అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు. నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను.

ఆ రాత్రి నువ్వే నాలుగు గాజులు తెచ్చావు. గాజువి కావు, వెడల్పు రబ్బరు గాజులు, బిడ్డ నోటికి పట్టనివి. పని మిగిలి ఉంటే ఎడమ చేతికి, అయిపోతే కుడి చేతికి మార్చాలి. ఆయన పోయాక నా చేతులకు గాజులు లేవు. నా చేతులు చూసి ఎదురింటావిడ ఒక్క క్షణం ఆగింది. "మంచిగున్నయ్ అక్కా," అని మాత్రం అంది. మందిరంలో కొందరు ఆ మాట కూడా అనలేదు. ఏమైనా అనుకోనీ. నలుగురి మాటకు నాకు భయం లేదు. నా భయాలు వేరు. కుడి చేతికి మారిన గాజును చూసి, నేనే మార్చానా, అన్నం కలిపేటప్పుడు తీసి పొరపాటున ఈ చేతికి వేసుకున్నానా అని నిన్న కాసేపు నిలబడిపోయాను.

"నీకు కాక ఎవరికి వదులుతాను, నిన్ను నమ్మాను," అంటున్నావు. మా ఆయనా నమ్మాడు. రెండని చెబితే నమ్మి వ్యాన్ ఎక్కాడు. నువ్వు అలా ఎక్కకు. బిడ్డ ఉన్నంతసేపు సూదీ పూసలూ ముట్టనని మాట ఇస్తాను. గంటగంటకూ ఎదురింటావిడ వచ్చి చూసేలా మాట్లాడతాను. అంతకు మించి నాకు చేతనవదు. అది చాలో చాలదో నువ్వే చెప్పాలి, ప్రేమ కొద్దీ కాకుండా.

రాసింది మొదటి నుంచి చదివి వినిపించు. నిదానంగా చదువు, మధ్యలో నా చూపు ఎటైనా పోతే ఆగి మళ్లీ అదే చదువు. చెప్పాల్సింది ఏదో ఒకటి వదిలేశాననిపిస్తోంది, అదేంటో తెలియడం లేదు. వింటే దొరుకుతుందేమో. బిడ్డ లేచేలోపు చదువు, తల్లీ.