కవిగారి మతిమరుపూ సరస్వతి ఆకూ

మచిలీపట్నం కవి రాజబాబు గారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నిమ్మకాయంత సరస్వతి ఆకు ముద్ద కళ్లు మూసుకుని మింగేవారు. ఆ క్షణంలో ఆయన ముఖం చూస్తే పటంలోని సరస్వతీదేవికే జాలి వేసేది. జబ్బేమిటంటే, వేదికెక్కిన ప్రతిసారీ ఆయన తన కవిత తానే మర్చిపోయేవారు. అదీ సరిగ్గా ఆఖరి లైను దగ్గర.

భార్య పుష్పావతి గారు పదకొండేళ్లుగా ఆ ఆకు రుబ్బుతూనే ఉన్నారు. రెండు మిక్సీలు పోయాయి. మతిమరుపు మాత్రం పోలేదు.

అలాగని అభిమానులకు కొదవ లేదు. మిగతా కవుల పుస్తకాలు జనం చదవడానికి కొంటారు; ఈయనవి, ఈయన మర్చిపోతే అందించడానికి కొనేవారు. ముదినేపల్లి సభలో ఆఖరి లైను ఎవరు అందించాలన్న దగ్గర ఇద్దరు చేపల చెరువుల రైతులు చొక్కాలు పట్టుకున్నారు.

మంగినపూడి సభలో ఆయన "వల ఆరేసిన ఒడ్డున ఉప్పుగాలికి పనేముంది..." అని ఆగి బుర్ర గోక్కున్నారు. చేపలమ్మే పున్నమ్మకి అక్షరం రాదు. మనవరాలు ఆయన పుస్తకం చదువుతుంటే విని నేర్చుకుంది. గంప పక్కన పెట్టి లేచింది.

"అమ్మ కొంగుకి అంటుకుని ఇంటికి రావడమే కదయ్యా! మీరే రాసి మీరే మర్చిపోతే ఎట్టాగయ్యా?"

హాలంతా ఈలలు. ఆ తర్వాత నెల్లాళ్లు పున్నమ్మ చేపల మీద ఆ లైను కొసరు వేసింది.

గుడివాడలో ఉండే పుష్పావతి గారి చెల్లెలు ఇంద్రజ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా బస్సు సంగతి అడిగినట్టు అడిగేది. "అక్కా, బావగారి కవిత నిన్న ఎంతదాకా వచ్చింది?"

ఆ మాట పుష్పావతి గారికి ఆకుకన్నా చేదు.

అలాంటిది, గుడివాడలోనే సన్మానం పెట్టారు. సన్మాన సంఘం కార్యదర్శి కృష్ణచైతన్య ఫోన్ చేశాడు. "అమ్మా, టీవీలో లైవ్ ఇస్తున్నారు. ఈ ఒక్కసారికి మాష్టారు పూర్తిగా చదివేలా చూడండమ్మా!"

"డబుల్ డోసు వేస్తాను బాబూ!"

సన్మానం రోజు పొద్దున ఆవిడ మిక్సీ నిండా ఆకు కుక్కి తిప్పారు. గిర్రున తిరిగి ఠక్కున ఆగింది. కరెంటు పోయింది.

స్నానాల గదిలోంచి కవిగారి గొంతు వినబడుతోంది. చెంబుకొక కవిత. ఒక్క అక్షరం తప్పలేదు, ఆఖరి లైన్లన్నీ పదిలంగా ఉన్నాయి. చివర్న, ఆవిడ ఏ పుస్తకంలోనూ చూడని కొత్త కవిత కూడా ఒకటి. పదకొండేళ్లూ మిక్సీ మోతలో కొట్టుకుపోయిన గుట్టు అది.

తువ్వాలు కట్టుకుని బయటికొచ్చిన మనిషికి ఆవిడ అడ్డంగా నిలబడ్డారు.

"మీకు మతిమరుపు లేదు!"

"గట్టిగా అనకు, పక్కింటివాళ్లు వింటారు."

"మరెందుకండీ ఈ నాటకం?"

"నేను పూర్తిగా చదివితే చప్పట్లు నాకు. ఆగితే పున్నమ్మకి. ఆవిడకి చప్పట్లు కొట్టే సభ ఇంకెక్కడుందో చెప్పు?"

"అయితే ఆ ఆకెందుకు మింగారు?"

"నువ్వంత భక్తిగా రుబ్బి తెస్తుంటేనూ..." అని రాజబాబు గారు నీళ్లు నమిలారు.

సాయంత్రం గుడివాడ హాలు కిక్కిరిసింది. కవిగారు మైకు సవరించుకున్నారు.

"మా ఇంట సుప్రభాతం పాడేదెవరు?
కోయిల కాదు, గుడిగంట కాదు..."

ఆగిపోయారు. జనం గబగబా పుస్తకాలు తిరగేశారు. ఎందులోనూ లేదు. కృష్ణచైతన్య తల పట్టుకున్నాడు. ఇంద్రజ మోచేత్తో పొడిచింది. "అక్కా, బావగారు ఇక్కడే దిగిపోయారా?"

కవిగారు ముందు వరుసకేసే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక సభలో నోరు విప్పని పుష్పావతి గారు, పొద్దున స్నానాల గదిలోంచి విన్న లైను గుర్తుచేసుకుని లేచారు.

"నా కోసం అరిగిపోయే ఆవిడ మిక్సీ!"

హాలు గొల్లుమంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఇంద్రజే.

రాజబాబు గారు భార్యను వేదిక మీదికి పిలిచి, తన శాలువా ఆవిడకి కప్పి, చెవి దగ్గరకు వంగారు.

"పుష్పావతీ, ఒక్క ఉపకారం చేసిపెట్టు. రేపట్నుంచి అందులో కొబ్బరి పచ్చడి రుబ్బు."