బ్లాక్‌జాక్ బల్ల దగ్గర తెలుగు అంకెలు

నన్ను కాసినోలోంచి వెళ్ళగొట్టిన సంగతి మా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. బాగా గెలుస్తున్నాడని భయపడి తరిమేశారని వాళ్ళ నమ్మకం. ఆ మాట పుట్టించినవాడు మా తోడల్లుడు. జరిగింది వేరు.

తొంభైల మొదట్లో ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు గంపగుత్తగా పోయాయి. నేను కార్ల విడిభాగాల గోదాములో స్టాకు చూసేవాణ్ణి. ఏ అరలో ఏ బేరింగు ఎన్ని ఉన్నాయో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాణ్ణి. కంప్యూటరు వచ్చాక ఆ మాట చెప్పడానికి మనిషి అక్కర్లేకపోయింది. అప్పటికి నాకు నలభై ఏడు. పీయూసీలో లెక్కలు తప్పి చదువు వదిలేసినవాణ్ణి. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ ఎవరూ చెప్పకుండా వచ్చినవే. పని పోయాక ఇంట్లో నా బుర్ర ఊరికే తిరుగుతుండేది. రోడ్డు మీద ముందు వెళ్ళే కారు నంబరుని తొమ్మిదితో భాగించడం, కరెంటు బిల్లుని రోజులకి పంచడం, అదీ పని.

మా తోడల్లుడికి, అంటే మా ఆవిడ అక్క భర్తకి, ఊరి చివర హైవే మీద పెట్రోలు బంకు ఉంది. ఒక ఆదివారం వాళ్ళింట్లో బార్బెక్యూ దగ్గర, మాంసం తిప్పుతూ, అందరూ వినేలా నాకు ఉద్యోగం ఇచ్చాడు.

“తమ్ముడూ, మా కౌంటర్లో కూర్చో. బటన్ నొక్కితే ఎంతో మెషీనే చెప్తుంది. నీ బుర్ర పాపం చాలా కష్టపడింది, దానికి హాలిడే ఇద్దాం.”

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా పళ్ళెం వైపు చూస్తూ నవ్వింది. క్రిస్మస్ దాకా ఆ కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచుతానని, ఆ తర్వాత యూనివర్సిటీలో చదివే కుర్రాణ్ణి ఎవణ్ణో పెట్టుకుంటానని చెప్పాడు. ఆ కుర్చీలో కూర్చోకుండా తప్పించుకోవడమే నాకు మిగిలిన ఏకైక పని అయింది.

దారి ఒక పాత పుస్తకాల అట్టపెట్టెలో దొరికింది. ధర్మకార్యాల కోసం పాత బట్టలు, సామాన్లు అమ్మే షాపులో బ్లాక్‌జాక్ మీద ఒక పేపర్‌బ్యాకు. ఆట ఇరవై ఒకటికి దగ్గరగా వెళ్ళడం, అంతే. అయితే అయిపోయిన ముక్కలు మళ్ళీ కలిపేదాకా తిరిగి రావు. చిన్న ముక్కలు ఎక్కువగా అయిపోతే మిగిలిన కట్టలో పెద్దవి ఉంటాయి, అది ఆడేవాడికి లాభం. కాబట్టి చిన్న ముక్క పడితే ఒకటి కలుపు, పెద్ద ముక్క గానీ ఆసు గానీ పడితే ఒకటి తీసెయ్యి. లెక్క పెరిగితే పందెం పెంచు, తగ్గితే తగ్గించు. ఇది చదివినప్పుడు నాకు పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టనిపించింది. గోదాములో నేను చేసిన పని ఇదే కదా. బయటికి పోయినదాన్ని బట్టి లోపల మిగిలింది చెప్పడం.

మా ఆవిడ వృద్ధాశ్రమంలో నర్సులకి సాయంగా పనిచేసేది. సాయంత్రం వచ్చి, వంట అయ్యాక, వంటగది బల్ల మీద నాకోసం పేక ముక్కలు ఒక్కొక్కటే తిప్పేది. కట్ట అంతా అయ్యేసరికి నా లెక్క సున్నాకి రావాలి. మొదట్లో వచ్చేది కాదు. నెల తిరిగేసరికి వచ్చింది. బంకులో ఇచ్చే జీతమెంతో అంత వారం వారం తెస్తే చాలు, క్రిస్మస్ తర్వాత కూడా నన్నెవరూ కుర్చీలో కూర్చోబెట్టలేరని ఆమెతో అన్నాను. ఆమె ముక్కలు కలుపుతూ సరేనంది.

సిడ్నీలో అప్పటికింకా కాసినో లేదు. మా ఊళ్ళో ఉంది. ఊరి పేరు చెబితే కాసినో పేరు చెప్పినట్టే గనక చెప్పను. మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ణి. ఆ వేళకి పింఛను ముసలివాళ్ళు బస్సులో దిగి తక్కువ పందెం బల్లల దగ్గర చేరేవారు. వాళ్ళ మధ్య కూర్చునేవాణ్ణి. కొన్ని వారాలు కొంచెం కొంచెం గెలిచాను.

అప్పుడామె వచ్చింది. ఆ అంతస్తు మీద బల్లలన్నిటికీ సూపర్‌వైజరు. సన్నగా ఉండేది, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేది. అందరినీ ‘లవ్’ అని పిలిచేది, గొంతు పెంచేది కాదు. ఒకరోజు నా పక్కన నిలబడి, చేతులు రెండూ బల్ల మీద పెట్టమని మర్యాదగా చెప్పింది. నేను ఒళ్ళో చెయ్యి పెట్టుకుని బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నానని కెమెరాలో చూశారట. తెల్లవాళ్ళు వేళ్ళు ముడిచి లెక్కపెడతారు, కణుపులు చూడరు. అందుకే అది కొన్ని వారాలు దాగింది. ఆ రోజు నుంచి చేతులు పోయాయి, బుర్ర మిగిలింది.

తర్వాత నేను పందెం పెంచినప్పుడల్లా కట్ట కలిపేయమని డీలరుకి సైగ చేసేది, దాంతో నా లెక్క మళ్ళీ సున్నా. అన్నిసార్లూ కాదు, తనకి తోచినప్పుడు. పెంచనా వద్దా అని నేను చిప్స్, అదే పందెం బిళ్ళలు, పట్టుకుని ఆలోచిస్తుంటే ఆమె నా చేతిని చూస్తూ ఉండేది. ఆ తర్వాత నా లెక్క చెడగొట్టడానికి అంకెలు మొదలయ్యాయి. ముక్కలు పంచుతూ డీలరు కబుర్లు పెట్టేది. మీ ఇంటి నంబరెంత, పిల్లలెందరు, నిన్న క్రికెట్ స్కోరెంత, ఇప్పుడు టైమెంత. ఇంకొకతను నా వెనకాల నిలబడి గుర్రప్పందేల ఫలితాలు పైకి చదివేవాడు. పక్కన కూర్చున్న ముసలాయనకి కూడా సంగతి అర్థమై, తన బీపీ ఎంతో చెప్పి నవ్వాడు.

ఇవేవీ నన్ను తాకలేదు. నేను మాట్లాడేది ఇంగ్లీషే గానీ నా లెక్క తెలుగు. సున్నాకి దిగువన ఉన్న అంకెని కూడా పుస్తకంలో చెప్పినట్టు కాక నా పద్ధతిలో ‘బాకీ’ అనుకునేవాణ్ణి. బాకీ రెండు, బాకీ ఐదు. వాళ్ళ సెవెన్లూ లెవెన్లూ వర్షం నీళ్ళలా పైనుంచి జారిపోయేవి. వాళ్ళ మొహాలు చూస్తూ బయటికి ఓడిపోయినట్టు తల గోక్కుని, లోపల నా అంకె పట్టుకుని కూర్చునేవాణ్ణి. అంతగా సుఖపడిన మధ్యాహ్నాలు నా జీవితంలో తక్కువ.

ఆ సుఖం ఒక్కణ్ణే మొయ్యలేకపోయాను. నెలకోసారి ఒక ఇంగ్లీషు చర్చివాళ్ళు మా తెలుగు ప్రార్థనకి హాలు ఇచ్చేవారు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఒకతను ఆ కాసినో వంటగదిలోనే గిన్నెలు కడిగేవాడు. గుంటూరులో ట్యుటోరియల్ కాలేజీలో కామర్స్ చెప్పినవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఇద్దరు ఆడపిల్లలు. కారు లేదు గనక ప్రార్థన అయ్యాక నేనే దింపేవాణ్ణి, మా ఆవిడ వాళ్ళ పిల్లలకి పులిహోర కట్టి ఇచ్చేది. ఆ నెల హాలు బయట కార్ల దగ్గర, తనని డీలర్ల శిక్షణలో తీసుకున్నారని, అయితే పరీక్ష మీద ఉంచారని చెప్పాడు. నెగ్గితే డీలర్లు వేసుకునే నల్ల వెయిస్ట్‌కోటు, లేకపోతే మళ్ళీ గిన్నెలు. అతని చేతులు అప్పటికే సబ్బుకి తోలు ఊడి ఎర్రగా ఉండేవి.

నేను అతనికి ధైర్యం చెప్పి, ఆ మాటల్లో నా సంగతి కూడా చెప్పాను. కణుపులు, కలపడాలు, గుర్రప్పందేలు, చివరికి తెలుగు అంకెలు, బాకీ. కడుపు పట్టుకుని నవ్వాడు.

“నువ్వు అసాధ్యుడివన్నా. దొరలకి ఈ జన్మలో అంతు చిక్కదు.”

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం. ఆ రోజు కట్టలో చిన్న ముక్కలు వరసగా పడ్డాయి. లెక్క పైకి వెళ్తూ పద్నాలుగు దగ్గర ఆగింది, కట్ట సగం పైన అయిపోయింది. అన్ని నెలల్లో అంత మంచి కట్ట నాకు రాలేదు. అప్పటిదాకా గెలిచిన చిప్స్ అన్నీ ముందుకి జరపడానికి సిద్ధమయ్యాను. సూపర్‌వైజరు ఐదుగురు శిక్షణవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి బల్ల పక్కన నిలబెట్టింది. అందరికీ తెల్ల చొక్కాలు. వాళ్ళలో మా ప్రార్థనకొచ్చే అతనూ ఉన్నాడు. నేను తెలిసినట్టు కళ్ళతో పలకరించాను. అతను చూడలేదు.

నా లెక్క తప్పించడానికి ఎవరు ప్రయత్నిస్తారని ఆమె అడిగింది. ఒకమ్మాయి ముందుకొచ్చి ఫోను నంబర్లు చదివింది. నేను చిప్స్ సర్దుకుంటూ ఉండిపోయాను. మొదటి పందెం గెలిచాను కూడా. అప్పుడు అతను నా భుజం దగ్గరికి వచ్చి, ప్రార్థన హాల్లో పలకరించినట్టే పలకరించాడు.

“వందనాలు అన్నా.”

డీలరు ముక్కలు తీస్తోంది. అతను క్లాసులో పిల్లలకి లెక్క చెప్పి రాయించే గొంతుతో మొదలుపెట్టాడు.

“ఎనిమిది. పంతొమ్మిది. బాకీ మూడు. ఆరు. బాకీ పదకొండు.”

“ఏంట్రా ఇది?” అన్నాను, ముక్కల మీంచి కళ్ళు తియ్యకుండా.

“పిల్లలున్నారన్నా. ఇరవై రెండు. బాకీ ఐదు. పదమూడు.”

ఆ బాకీ అనే మాట నేనిచ్చిందే. ఇంగ్లీషు అంకెలైతే బయట ఆగేవి, ఇవి నేరుగా నా అంకె కూర్చున్నచోటికే వచ్చి కూర్చున్నాయి. నా తలలో మాట్లాడేది నేనో అతనో తెలియలేదు. పద్నాలుగు మీద రెండు తీశానా, కలిపానా? పద్నాలుగు నాదేనా, అతను అన్నదా? లేచిపోవచ్చు. లేస్తే సోమవారం బంకు కుర్చీ. అందుకని, పద్నాలుగే అనుకుని, ఉన్నదంతా పెట్టాను. పోయింది. జేబులోంచి తీసి మళ్ళీ పెట్టాను. అదీ పోయింది. అతను ఆగలేదు. ఎక్కడా తడబడలేదు కూడా, మంచి మాస్టారు.

సూపర్‌వైజరు ముందుకి వంగింది. నీ లెక్క ఇప్పుడెంత, లవ్, అని అడిగింది. పన్నెండు అన్నాను. తనూ మొదట్నుంచీ లెక్కపెడుతున్నానని, బాకీ నాలుగని చెప్పింది. ‘మైనస్ ఫోర్’ అంది ఆమె, నాకు మాత్రం అతని గొంతులో తెలుగులో వినపడింది. ఆమె శిక్షణవాళ్ళ వైపు తిరిగి అతనికోసం చప్పట్లు కొట్టించింది. బల్ల దగ్గర ముసలివాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, కొట్టారు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఇకమీదట ఆ తలుపులోంచి లోపలికి రాకూడదని చెప్పింది. కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తారు. లెక్కపెట్టడం నేరమా అని అడిగాను. నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉండి ఉంటుంది. ఎంతైనా ఒక కాసినో నన్ను చూసి తలుపు వేసుకుంటోంది. ఆమె అది కనిపెట్టింది.

“అయ్యో లవ్, నీవల్ల మాకు నష్టమేమీ లేదు. నిజంగా లెక్క వచ్చినవాణ్ణి మొదటి వారంలోనే పంపించేస్తాం. నువ్వు నేర్చుకునేవాడివి గనక మావాళ్ళకి పాఠానికి పనికొచ్చావు. ఈ రోజుతో క్లాసులు అయిపోయాయి.”

గోడకి నిలబెట్టి ఫోటో తీశారు. సరిగా రాలేదని ఇంకొకటి తీశారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. చెప్పాను. ఎంత పోయిందని అడిగింది, చెప్పాను. లేచి అలమారలోంచి ఒక చొక్కా తీసి మంచం మీద పెట్టింది. బంకులో వేసుకునేది, జేబు మీద బొమ్మతో. నా కొలత. గంజి పోయేలా ఒకసారి ఉతికి కూడా ఉంది.

“ఇదెప్పుడు తెచ్చావు?”

“బార్బెక్యూ రోజే బావగారు కారులో పెట్టారండీ.”

“మరి ఇన్నాళ్ళూ రోజూ కూర్చుని ముక్కలెందుకు తిప్పావు?”

“మీరు తిప్పమన్నారు కదండీ,” అని తక్కిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

సోమవారం మా తోడల్లుడు నాకు బటన్ చూపించాడు. చెప్పిన జీతం క్రిస్మస్ ముందు వచ్చేవాళ్ళకి, ఇప్పుడు కొంచెం తక్కువ అన్నాడు. పాలకొచ్చినవాళ్ళకి, టైర్లలో గాలికొచ్చినవాళ్ళకి నన్ను చూపించి, కాసినోవాళ్ళే భయపడి తరిమేసిన బుర్ర ఇది, మన దగ్గర చిల్లర ఇస్తోంది అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వి నన్ను పరీక్షగా చూసేవారు. అలా ఆ కథ ఊళ్ళోకి వెళ్ళింది.

బుర్రకి నిజంగానే హాలిడే దొరికింది. ముందు కారు నంబరు చూసి తొమ్మిదితో భాగించబోతే, మూడో అంకె దగ్గర ఆ మాస్టారి గొంతు లేచేది. ఎనిమిది, పంతొమ్మిది, బాకీ మూడు. కొన్నాళ్ళు దానితో కుస్తీ పట్టి, చివరికి ఇంగ్లీషులో లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఇంగ్లీషులో నెమ్మదిగా వస్తుంది, తప్పులు కూడా వస్తాయి. మెషీను ఉంది గనక ఎవరికీ తెలియదు.

ఎండలు తగ్గి చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను బంకుకి వచ్చాడు. పాతదే అయినా సొంత కారు, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. తెల్ల చొక్కా మీద నల్ల వెయిస్ట్‌కోటు. చేతులు మానాయి. కౌంటరు దగ్గర నిలబడి కాసేపు చాక్లెట్ల వైపు చూశాడు.

“వందనాలు అన్నా. పంపు నాలుగు.”

“ట్వంటీ త్రీ ఫిఫ్టీ,” అన్నాను.

పర్సు తీసి ఆగాడు. నోట్లు లెక్కపెట్టడం పైకే మొదలుపెట్టి, ఏదో గుర్తొచ్చి, పెదవులు మూసుకుని నోట్లు కౌంటరు మీద పెట్టాడు.

“నాతో తెలుగులో మాట్లాడవా అన్నా?”

నేను చిల్లర మెషీను చెప్పినంత తీసి రబ్బరు చాప మీద పెట్టాను. చేతికి ఇవ్వలేదు.

“నెక్స్ట్, ప్లీజ్,” అన్నాను.

అతని వెనక ఎవరూ లేరు. అతను తిరిగి చూసి, ఎవరూ లేరని తెలిసి కూడా, పక్కకి జరిగాడు.