నైరుతి కిటికీ

మదనపల్లెలో మేముండే అద్దె ఇంట్లో పడకగదికి ఒకటే కిటికీ. వాస్తు ప్రకారం నైరుతిలో కిటికీ ఉండకూడదని, పోయిన వేసవిలో ఓనరు దాన్ని ఇటుకలతో మూయించాడు. వానలు మొదలయ్యాక ఆ గోడంతా చెమ్మెక్కి నల్లగా బూజు పట్టింది. పాపకు దగ్గు పట్టుకుంది. ఈ రోజు ఓనరును పిలిచి చూపించాను.

"బట్టలు లోపల ఆరేస్తే చెమ్మ రాదా అమ్మా? సాంబ్రాణి పొగ ఏసుకోండి," అన్నాడు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"ఉండే ఒక్క కిటికీ మూసేస్తే ఆ పొగ యాడికి పోతాదప్పా? ముందు దాన్ని తెరిపించండి," అన్నాను.

"అది మూసినాకే కదమ్మా నా కూతురికి పెండ్లి కుదిరింది. ఇప్పుడు యాల తెరుస్తాను?" అంటూ పసుపు పూసిన శుభలేఖ నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

మీరైతే ఏం చేస్తారో చెప్పండి. నేను మాత్రం ఆ పెళ్ళికి వెళ్ళి, దగ్గుతున్న పాపను ముందు వరుసలో కూర్చోబెడతాను.