మా అత్త చావనివ్వని కానిస్టేబులమ్మ

మా అత్త పోయిందని పుంగనూరు నుంచి పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లె టమోటా మార్కెట్ ముందు ఆటో కోసం నిలబడి ఉన్నాను. "చెట్లకు నీళ్లు పోస్తా పోస్తా కూలబడిపోయింది మే. డాక్టరు వచ్చేలోపలే అయిపోయింది," అంది. నడిరోడ్డు మీదే ఏడ్చాను. ఆటో ఎక్కాక అత్త తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చి నవ్వొచ్చింది. డ్రైవరు అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

ఆమె మా నాన్నకు అక్క. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైంది. యూనిఫాం పోయినా గొంతు పోలేదు. "ఎవరది?" అని ఆమె అడిగితే పాలవాడు కూడా బండి దిగి ఇంటిపేరుతో సహా చెప్పేవాడు.

హత్య, పోలీసుల అన్యాయం కలిపి నేనొక నవల రాస్తున్నానని తెలిసి, "ఏదీ, సదువు," అని పిలిపించింది. అనపకాయల కాలం అది. అనపగింజల పొట్టు తీసి వండే పిటికిపప్పు మా వైపు ఒక్కరు చేసే పని కాదు. నానిన గింజల చుట్టూ వీధి ఆడవాళ్లంతా చేరి, పొట్టు పిసుకుతూ లోకం మీద తీర్పు చెబుతారు. ఆదివారాలు అత్త వసారాలో నేను చదివేదాన్ని, వాళ్లు వినేవాళ్లు.

నా నవలలో చెయ్యని హత్య ఒప్పుకోమని ఒక సి.ఐ. పనిమనిషిని హింసిస్తాడు. ఆమెను కాపాడబోయి నా కథానాయిక, ఒక కానిస్టేబులమ్మ, అతని తుపాకీకి బలవుతుంది. ఆ అధ్యాయం చివరిదాకా చదివాను. తలెత్తితే అత్త కళ్లద్దాలు సర్దుకుని, నన్ను ముద్దాయిని చూసినట్టు చూస్తోంది.

"ఆ పిల్లను యాల సంపినావు?"

"చంపింది సి.ఐ. కదత్తా."

"వాడి చేతికి తుపాకి ఇచ్చిందెవరు? సంపితే నీకేమొస్తాది?"

"చదివేవాళ్లకు ఏడుపొస్తుంది..."

"ఇనండమ్మా, ఒప్పుకునేసింది! ఏడిపించేదానికి ఒక ఆడపిల్లను సంపిందంట!"

వసారా అంతా గొల్లున నవ్వింది. నాకు రోషమొచ్చింది. ధైర్యంగల ఆడమనిషి చివరికి అట్లాగే పోతుందని వాదించాను. అప్పుడు అత్త, కుప్పం వైపు పనిచేసిన రోజుల సంగతి మొదటిసారి బయటపెట్టింది. ఒక మధ్యాహ్నం హత్య చేసిందన్న అనుమానంతో ఒకామెను స్టేషన్‌కు తెచ్చారు. పై అధికారి అత్తను, "పోయి టీ తాగిరా," అన్నాడు. ఆడ కానిస్టేబుల్ బయటికి పోతే లోపల చూసేవాళ్లు ఉండరు. ఆ మాటకు అర్థం అదే.

"'ఈడికే తెప్పించుకుంటా సార్' అన్నా. తాగినా. మళ్లా పొమ్మన్నాడు. ఇంకోటి తెప్పించుకున్నా. సాయంత్రం ఆమె అన్న లాయరును పిల్సుకొచ్చేదాకా కుర్చీ వదల్లేదు. ధైర్యం యాడుందమ్మా! కాళ్లు వణకతా ఉండె. లేసేదానికి బలం లేక కూసున్నా అనుకో. ఆమె మింద మాత్రం దెబ్బ పడలేదు."

దానికి ఫలితంగా ఆమెను ఎక్కడికో దూరం బదిలీ చేశారు. "ఆడ టీ ఇంకా బాగుండె," అంది.

నా నవలలో ఆ పిల్లను బతికించేదాకా నాతో మాటల్లేవని అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. అన్నంత పనీ చేసింది. ఫోన్ చేస్తే పక్కింటావిడ ఎత్తి, "బతికిందా అని అడుగుతా ఉండాది మే," అనేది. నేనూ ఆ రక్తమే కదా, కొన్నాళ్లు మొండికేశాను. ఆ చావు నాకంత ముద్దు. మళ్లీ చదువుకుంటే మాత్రం, ఆ పిల్ల ఎవరి కోసమూ చావలేదు, నాకు మెప్పు తేవడానికి చచ్చింది అనిపించింది. సిగ్గేసి తిరగరాశాను. నన్ను అంత ప్రేమగా నిలదీసినవాళ్లు ఇంకెవరూ లేరు.

పోయిన నెల ఆ కొత్త అధ్యాయం పట్టుకుని వెళ్లాను. అందులో తుపాకీ పేలదు. కానిస్టేబులమ్మ పనిమనిషి పక్కన బెంచీ మీద కూర్చుంటుంది, లేవమంటే లేవదు. చివరికి ఇద్దరూ ప్రాణాలతో స్టేషన్ గేటు దాటుతారు. అత్త కళ్లు మూసుకుని విన్నది.

"ఇద్దరూ ఇండ్లకు చేరినారా?"

"చేరారత్తా."

"ఆ పిల్లకు పొద్దున డ్యూటీ ఉండాదా?"

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఉందన్నాను.

"అట్లయితే పుస్తకం ముయ్యి. కొంచేపు నిద్రపోనీ దాన్ని."

తర్వాత లేచి వసారా అంచుకు నడిచి, వీధిలో క్రికెట్ ఆడుతూ అరుస్తున్న పిల్లల వైపు చూసి, నోటి మీద వేలు పెట్టింది.