ఊడ్చినోళ్లదే పువ్వు

నా చిన్నప్పుడు, తెలంగాణ కావాలని పెద్దలు రోడ్డెక్కిన ఏడు, మా బడి నెలల తరబడి మూతపడింది. ఉద్యమం మీద నాకు గౌరవం కలగడానికి అదే మొదటి కారణం. అప్పటికి నాకు పదేళ్లు.

పెద్దవంగర దగ్గర మా ఊరి చెలకల గట్ల మీద ఇప్పచెట్లుండేవి. అవి ఎవరూ నాటినవి కావు. ఎండలు ముదిరే ముందు ఆకంతా రాలి, పువ్వు వచ్చేది. తెల్లవారేసరికి నేలంతా పువ్వు పరుచుకునేది. దాన్ని ఏరి, ఎండబెట్టి అమ్ముకునేవాళ్లు. ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టం కనుక ముందే చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి ఉంచేవాళ్లు. దీనికి మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. భూమి ఎవరిదైనా, ఊడ్చినోళ్లదే పువ్వు. వానలకు ముందు రాలే గింజ కూడా వాళ్లదే. ఏ కాగితం మీదా లేని ఈ చట్టాన్ని అందరూ పాటించేవారు. కాగితం మీదున్న చట్టాల సంగతి వేరు.

మా చెలకలోని పెద్ద ఇప్పచెట్టు కింద పక్కింటి అవ్వ ఊడ్చేది. ఆమెకు గుంటెడు భూమి లేదు, తోడుండే మనిషీ లేరు. ఆ గింజలు గానుగాడిస్తే వచ్చే నూనెతోనే ఆమె ఇంట్లో ఏడాది పొడుగునా కూర ఉడికేది, దీపం వెలిగేది.

ఆ ఏడు అవ్వకు జ్వరం వచ్చి రెండు రోజులు లేవలేదు. చెట్టు కింద ఆకు పేరుకుంది. నేను ఊడిస్తే పువ్వంతా నాదే కదా అని నాకు తోచింది. కాకపోతే ఊడవడం కష్టం, నిప్పు పెట్టడం సులువు. వంటింట్లోని అగ్గిపెట్టె పట్టుకుపోయాను. ఆకు బాగానే అంటుకుంది. ఆ తర్వాత గాలి లేచింది.

చుట్టుపక్కల చేన్లవాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసరికి చెట్టు ఒక పక్క నిలువునా మాడిపోయింది. అవ్వ గొంగడి కప్పుకొని వచ్చింది. మాను మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఎవలు ముట్టిచ్చిన్రు?"

"గాలి," అన్నాను.

"అగ్గిపెట్టె గూడ గాలే తెచ్చిందా బిడ్డా?"

ఎవరో నవ్వారు. మా నాయిన నవ్వలేదు. "అవ్వా, ఏడాదికి సరిపడ నూనె మా ఇంట్ల నుంచి తీస్కపో," అన్నాడు.

"నేను నూనె అడిగిన్నా పటేలా?" అని అవ్వ తన చీపురు నా చేతిలో పెట్టింది. "పువ్వు కోసమే గదా ఇదంత. పొద్దు పొడవకముందే వచ్చి ఊడ్వు."

"పటేలు బిడ్డ ఊడ్సుడేంది?" అని మా అమ్మ గొణిగింది. మా నాయిన మాత్రం రోజూ నన్ను తెల్లారకముందే లేపాడు.

పువ్వు రాలినన్నాళ్లూ ఊడ్చాను. చేతులు బొబ్బలెక్కాయి. అవ్వ రాతి మీద కూర్చుని చూసేది. మాడిన పక్కకు నా చేత మట్టీ పేడా మెత్తించింది. నిప్పు ఊసు మాత్రం ఎత్తలేదు. ఎత్తితే నాకు తేలికగా ఉండేది.

చివరి రోజు, అన్నాళ్లూ ఏరి ఎండబెట్టిన పువ్వంతా గంపకెత్తి ఆమె ముందు దించాను.

"నాకెందుకు? ఊడ్చినోళ్లదే పువ్వు."

"నాకొద్దవ్వా."

"ఒద్దంటే ఎట్ల? కట్టుబాటు నీకొక తీరు, నాకొక తీరా?"

అప్పుడర్థమైంది. ఈ లెక్కన గింజ కూడా నాదే. శిక్ష పడిందనుకున్నాను కానీ, నేను గెలిచాను. ఏడుపొచ్చింది. చీపురు ఆమె చేతిలో పెట్టి, "జర నువ్వు గూడ ఊడ్వు అవ్వా," అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి అవ్వ లేచింది. రెండు సార్లు ఊడ్చి, "గిప్పుడు ఇద్దరిది," అంది.

చెట్టు ఆ ఏడు సగమే కాసింది. అందులో సగం నాది. నా వాటా నూనె కుండ ఆమె గడప ముందు పెట్టి వచ్చాను. మర్నాడు పొద్దున అది మా గడప ముందుంది. నాలుగు రోజులు ఆ కుండ రెండు ఇళ్ల మధ్యా నడిచింది. అవ్వ కంటే నేనే ముందు అలసిపోయాను. కుండ మా ఇంట్లోనే ఉండిపోయింది.

చలికాలం మొదలయ్యేసరికి అవ్వ నూనె అయిపోయింది. పొద్దు ఉండగానే తిని తలుపు వేసుకునేది. మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకు పక్కిల్లు చీకట్లో ఉండేది. మళ్లీ గింజ రాలే వరకూ అంతే.

మా కాలనీలో ఇప్పుడు రాలిన ఆకు పోగేసి తగలబెడతారు. వాళ్ల కంటే ముందే నేను చీపురు పట్టుకుని దిగుతాను. పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి ఇదేం పిచ్చి అని వాళ్లు బాధపడతారు. వ్యాయామం అని చెబుతాను. అది ఎలాగూ నమ్ముతారు.

సాయంత్రం లైటు వేసేటప్పుడు మాత్రం, స్విచ్చి మీద నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.